పళ్ళ సందున దారం

భయం మనిషిలో ముందుగా ఎక్కడ పుడుతుందని అడిగితే గుండెలో అనేవారున్నారు, కడుపులో అనేవారున్నారు, మోకాళ్ళలో అనేవారూ లేకపోలేదు. టైలరమ్మకు మాత్రం అది పైవరుసలోని రెండు ముందుపళ్ళ నడుమ, దారం పట్టేంత సందులో పుట్టింది.

ఆనాటి పొద్దున ఆమె దుకాణం షట్టరు సగమే ఎత్తి, వంగి లోపలికి దూరి, కొలతలకు వచ్చినవాళ్ళు నిలబడే నిలువుటద్దం ముందుకు వెళ్ళింది. పట్టుదారం జానెడు తెంపి, రెండు చేతుల మధ్య బిగించి, ఆ రెండు పళ్ళ నడుమకు నెమ్మదిగా నొక్కింది. కొన్నాళ్ళ కిందట ఇదే దారం అక్కడికి రాగానే గడపలో ఆగిన కొత్త అల్లుడిలా బిగుసుకుని నిలిచేది. ఇప్పుడు ఎవరూ పిలవకుండానే లోపలికి వెళ్ళిపోయింది. ఆమె నూలుదారం తీసింది. అదీ వెళ్ళింది. నూలుదారాన్నే రెండు పేటలు కలిపి పెట్టి చూసింది. కొంత మొరాయించి అదీ దూరింది. షట్టరు మిగతా సగం ఎత్తడానికి చేతులు రాలేదు.

ఆమె రిటైనర్ పోయింది. పోయిన సంగతి ఇంకా ఎవరికీ తెలియదు.

రిటైనరంటే పెద్ద యంత్రమేమీ కాదు. వంకరపళ్ళను తీగలతో లాగి దారిలో పెట్టిన తరువాత, అవి మళ్ళీ పాతచోటికి పోకుండా పట్టి ఉంచే తొడుగు. ఆమెకు ఇచ్చినది గోరంత మందాన, గాజులా పారదర్శకంగా ఉండి, పెట్టుకుంటే పెట్టుకున్నట్టే తెలిసేది కాదు. తీగలు తీసిన రోజున పళ్ళ డాక్టరు దాన్ని ఆమె చేతిలో పెడుతూ, ఇక అయిపోయిందనుకోవద్దని చెప్పాడు.

"పళ్ళకు జ్ఞాపకం ఎక్కువమ్మా. ఏళ్ళ తరబడి నిలబడ్డ చోటును అవి మరిచిపోవు. ఇది తీసి పక్కన పెట్టారా, చల్లగా ఇంటిదారి పడతాయి."

ఆ మాటను ఆమె తేలికగా తీసుకోలేదు. ఇంట్లో భోజనానికి తప్ప తొడుగు తీసేది కాదు. తీసిన ప్రతిసారీ చల్లని నీళ్ళలో కడిగి, పేస్టు అంటని మెత్తని బ్రష్షుతో రుద్ది, చిల్లులున్న నీలం డబ్బాలో పెట్టేది. వేడి తగిలితే ఆకారం చెడుతుందని, ఎండలో ఆరబెట్టరాదని, కాగితంలో చుట్టి పెడితే ఎవరో ఒకరు చెత్తబుట్టలో వేస్తారని డాక్టరు చెప్పినవన్నీ ఎక్కాల్లా అప్పజెప్పేది. ఆ ఇంట్లో వాష్‌బేసిన్ పక్కన అరమీద గాజుగ్లాసులో అత్తగారి కట్టుడుపళ్ళు, దాని పక్కనే నీలం డబ్బాలో కోడలి తొడుగు ఉండేవి. "నేను ఊడాక పెట్టుకున్నాను, ఇది ఊడకముందే పెట్టుకుంది. మా కోడలిది ముందుచూపు" అని అత్తగారు వచ్చినవాళ్ళందరికీ చెప్పి, ఆ రెండింటినీ చూపించేది. బస్సుల షెడ్డులో మెకానిక్కుగా పనిచేసే భర్త మాత్రం తెల్లవారి ముఖం కడుక్కోవడానికి వెళ్ళినప్పుడల్లా అర వైపు చూడకుండా తల తిప్పుకునేవాడు.

ఇక్కడ ఉచ్చారణ గురించి ఒక్కమాట చెప్పుకోవడం అప్రస్తుతం కాదు. నాలుక కొస పళ్ళను తాకితే పుట్టే అక్షరాలను దంత్యాలన్నారు. అన్నవారు పళ్ళను తాకాలన్నారే గాని, నాలుకకూ పళ్ళకూ మధ్య ప్లాస్టిక్కు అడ్డుపడితే అక్షరం గతి ఏమవుతుందో సెలవియ్యలేదు. తొడుగు పెట్టుకున్న తొలిరోజుల్లో టైలరమ్మ "సరేనండి, సాయంత్రానికి సిద్ధం చేస్తాను" అంటే అందులో సగం మాట, సగం ఈల. కొలతలిస్తున్న ఒక పెద్దాయన ఎవరు ఈల వేశారా అని వెనక్కి తిరిగి చూశాడు కూడా. ఆమె మిషను తొక్కుతూ తనలో తాను ఆ వాక్యాన్నే వల్లెవేసి, కొద్దిరోజుల్లో సకారాన్ని దారికి తెచ్చుకుంది. అంత శ్రమపడి నిలబెట్టుకున్న పళ్ళు అవి.

అసలు ఆ పళ్ళ కథ చిన్నప్పుడే మొదలైంది. కుట్టుపని నేర్పిన పిన్ని నోట్లో గుండుసూదులు పెట్టుకుని, వాటి మధ్యనుంచే తిట్టేది. ఈ పిల్ల కూడా అదే నేర్చుకుంది. ముందుపళ్ళతో సూదులు పట్టడం, దారం కొరకడం, మళ్ళీ సూదులు పట్టడం. పుట్టుకతో కొంత ఎడంగా ఉన్న పళ్ళు ఈ పనితో మరింత ఎడమై, ఒకటి బయటికి వాలింది. టైలరు వృత్తిలో ఒక శిక్ష ఉంది: రోజంతా అద్దం ముందే పని. ఎదుటివాళ్ళు తమ కొత్త బట్టలు చూసుకుంటూ ఉంటే, వాళ్ళ భుజం వెనుక తన నోరు తనకు కనిపిస్తూ ఉంటుంది. అందుకే మాట్లాడేటప్పుడు చెయ్యి అడ్డం పెట్టుకోవడం అలవాటైంది. చెయ్యి ఖాళీ లేకపోతే టేపు కొస అడ్డం పెట్టుకునేది. వీధిలో ఆమెకు "చెయ్యడ్డమ్మ" అని పేరు పెట్టారు. ఆ పేరు ఆమెకు తెలియదని పెట్టినవాళ్ళు అనుకునేవారు.

అత్తగారికి కట్టుడుపళ్ళు పెట్టించడానికి వెళ్ళిన రోజున డాక్టరు అత్తగారి నోరు చూడడం ముగించి, పక్కన నిలబడి చెయ్యి అడ్డం పెట్టుకుని మాట్లాడుతున్న కోడలి వైపు తిరిగాడు. "చెయ్యి తియ్యండమ్మా" అన్నాడు. అంతవరకూ ఆమెతో ఎవరూ అలా అనలేదు. తీసింది. తరువాతి సంగతంతా తీగలు, నొప్పులు, మెత్తని ముద్దలు. తీగలు వెయ్యకముందే ఆయన ఒక షరతు పెట్టాడు. ఈ సందు సగం పుట్టుకతో వచ్చింది, సగం సూదులతో వచ్చింది. నోట్లో సూది పెట్టడం మానకపోతే నేను చేసేదంతా బూడిదలో పోసిన పన్నీరే. అలా అయితే మళ్ళీ నా దగ్గరికి రావద్దు. టైలరమ్మ ఆ కుర్చీ చేతిమీద చెయ్యి వేసి ఒట్టు పెట్టింది.

ఒట్టు నోటిది, అలవాటు వేళ్ళది. మణికట్టుకు కట్టుకునే సూదుల దిండు కొనుక్కుంది గాని, అది ప్రతి గుడ్డకూ తగులుకుని చికాకు పెట్టేది. పని తీరికగా ఉన్న రోజుల్లో దిండు, తొందరగా ఉన్న రోజుల్లో నోరు. తొడుగు నున్నన కాబట్టి దానిమీద సూది నిలవదు. అందుకని తొడుగు తీసి, సూదులు పట్టి, పని కాగానే మళ్ళీ తొడుక్కునేది.

అది పోయిన రోజున, కుట్టిన బట్టలు తొడిగి చూసే బొమ్మమీద డాక్టరుగారి కోటే ఉంది. పళ్ళ వైద్యుల సభలో ప్రసంగించడానికి ఆయన కుట్టించుకుంటున్న కోటు. నా పళ్ళు ఆయన సరిచేశాడు, ఆయన భుజాలు నేను సరిచెయ్యాలి అనుకుని, ఆమె ప్రాణం పెట్టి కుట్టింది. కోటు చివరికి వచ్చిన ఆ మధ్యాహ్నం ఒకావిడ గౌను అంచు ఎత్తించుకోవడానికి ఊపిరాడనివ్వకుండా వచ్చి పడింది. టైలరమ్మ తొడుగు తీసి, లైనింగు ముక్కలో చుట్టి ఎక్కడో పెట్టి, నోటినిండా సూదులు పట్టుకుని నేలమీద కూర్చుంది. ఆవిడ వెళ్ళాక చూస్తే తొడుగు లేదు. ఎక్కడ పెట్టిందో ఎంత తలచుకున్నా గుర్తు రాలేదు. వేళ్ళు చేసిన పని తలకు చెప్పి చెయ్యలేదు మరి.

అప్పటినుంచి వెతుకులాట. మిషను సొరుగులు, గుండీల డబ్బాలు, ముక్కల గోనెసంచి, ఆ సంచిలోని ప్రతి ముక్క మడత. చెత్తబండి వచ్చే ముందు బుట్టను నేలమీద గుమ్మరించి, మోకాళ్ళమీద కూర్చుని చీపురుపుల్లతో కెలికింది. ఇంట్లో మాత్రం ఏమీ తెలియనట్టు ఖాళీ డబ్బాను రోజూ కడిగి అరమీద పెట్టేది. భోజనం దగ్గర పెదవులు విప్పకుండా నమిలేది. నాలుక మాత్రం ఒక్క క్షణం ఊరుకోదు, వెళ్ళి వెళ్ళి ఆ సందునే తడుముతుంది. సందు పెరిగిందా, భయం పెరిగిందా అన్నది నాలుకకు తెలియదు. అందుకే దారంతో కొలత మొదలుపెట్టింది. టైలరుకు కొలతమీద ఉన్న నమ్మకం మరి దేనిమీదా ఉండదు.

రెండు పేటల దారం దూరిన ఆ రోజు సాయంత్రం ఆమె ఇంటికి వచ్చి డబ్బా కడుగుతూ ఉంటే, వెనుక అత్తగారు నిలబడి ఉంది.

"ఏమే, నీ డబ్బా గలగలమనడం లేదేం?"

టైలరమ్మ చెయ్యి దానంతటదే నోటికి అడ్డం వెళ్ళింది. అది చూసి అత్తగారి ముఖంలో నవ్వు పోయింది. ఆ చెయ్యి అలా లేచి చాలా కాలమైంది. ఇద్దరూ వంటింట్లో పీటల మీద కూర్చున్నాక కోడలు జరిగినదంతా చెప్పింది: సూదులు, తొడుగు, దారం.

"వెళ్ళి డాక్టరుతో చెప్పు."

"ఒట్టు పెట్టాను అత్తయ్యా. మళ్ళీ నా గడప తొక్కొద్దంటాడు. ఈలోగా ఇవి..."

"ఒట్టు పెట్టింది ఆ నోరే, తప్పు చేసిందీ ఆ నోరే. చెప్పడానికి మాత్రం వేరే నోరు అరువు తేవాలా?"

రేపు ఒక్కరోజు వెతుకుతానని కోడలు బతిమాలుకుంది. పోయిన వస్తువు దొరుకుతుందన్న ఆశ ధైర్యం లేనివాళ్ళకు మంచి చాటు.

మర్నాడు ఆమె మరొకరి కోటు జేబులకు కచ్చా కుట్లు వేస్తోంది. కొత్త కోటు ఆకారం చెడకుండా ఉండడానికి జేబు నోటిని సన్నని దారంతో మూసి పంపడం పద్ధతి. వేసుకునేవాళ్ళు ఆ దారం తెంపుకుంటే జేబు తెరుచుకుంటుంది. కుట్టు వేయబోయే ముందు ఆమె ఎడమచెయ్యి సుద్దముక్కను తీసుకుని, ఆ కోటు జేబులో పడేసింది. ఆమె తన చెయ్యి వైపు చూసింది. చిన్న వస్తువేదైనా సరే బొమ్మమీద ఉన్న కోటు జేబులో పడెయ్యడం, మూసే ముందు తీసెయ్యడం, ఆమె కుట్టుపని ఎంత పాతదో ఆ అలవాటూ అంత పాతది. తొడుగు పోయిన రోజు బొమ్మమీద ఉన్న కోటు ఎవరిది?

చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికారంటారు. ఈ పిల్ల చంకలో కూడా లేదు. ఎవరికి తెలియకూడదో ఆయన జేబులోకే నడిచి వెళ్ళి కూర్చుంది.

ఒక్క పరుగున పక్క కొట్లోని ఇస్త్రీ అతని దగ్గరికి వెళ్ళి, డాక్టరుగారి కోటు నువ్వే కదా ఇస్త్రీ చేసి ఇచ్చి వచ్చింది అని అడిగింది. అతను గర్వంగా తల ఊపాడు.

"ఎడమ జేబు దగ్గర ఏదో గట్టిగా తగిలిందక్కా. లోపల వేసే గట్టి బక్రం గుడ్డ మడతపడిందేమో అనుకుని, తడిగుడ్డ పరిచి, ఆవిరి పెంచి, నా బలమంతా పెట్టి అణిచాను. తర్వాత చెయ్యి పెట్టి చూస్తే నున్నగా అద్దంలా ఉంది."

ఆమె అతని కొట్టు మెట్టుమీదే కూర్చుండిపోయింది. గోరుచుట్టు మీద రోకటిపోటు అన్న సామెత పుట్టించినవాడికి ఇస్త్రీపెట్టె సంగతి తెలిసి ఉండదు. ఎక్కడుందో తెలియనంతకాలం భయానికి ఆకారం లేదు. ఇప్పుడు వచ్చింది. సభ ఆ సాయంత్రమే. పళ్ళ వైద్యులతో నిండిన హాలులో ఆయన కాగితాల కోసం జేబులో చెయ్యి పెడతాడు. బయటికి వచ్చేది ఏమిటో, ఎవరిదో, ఆయనకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

షట్టరు దించి, ఇంటికి వెళ్ళి అత్తగారిని పిలిచింది. గుండీ ఒకటి వదులుగా ఉందని చెప్పి కోటు చేతిలోకి తీసుకోవాలని దారిలో అనుకున్నారు. అబద్ధం ఆడవలసింది కోడలు, ఆడడం వచ్చినది అత్త. అందుకే అత్తను వెంటబెట్టుకుంది.

వైద్యశాలలో వేచి ఉండే గదికీ లోపలి గదికీ మధ్య మసక అద్దం తలుపు. బల్లమీద సుద్దతో పోసిన పళ్ళవరుస ఒకటి నోరు తెరుచుకుని ఉంది. లోపల మర రొదపెట్టి ఆగింది. ఒకతను చెంప పట్టుకుని బయటికి వచ్చాడు. తన వంతు రాగానే టైలరమ్మ అత్తగారితో లోపలికి నడిచింది.

డాక్టరు అప్పుడే కోటు తొడుక్కుని చూసుకుంటున్నాడు. వాళ్ళను చూడగానే ముఖం విప్పారింది.

"సమయానికి వచ్చారు. భుజాలు అద్భుతంగా కుదిరాయమ్మా. కానీ ఈ ఉత్తుత్తి జేబులేమిటి? చెయ్యే పోవడం లేదు."

ఆయన దారం తెంపనే లేదు. జేబులు అలంకారానికి పెట్టారనుకున్నాడు.

"అందుకే వచ్చాం బాబూ, మా అమ్మాయి తెరిచిపెడుతుంది" అంది అత్తగారు, గుండీ కథ ఇక అక్కర్లేదని గ్రహించి.

టైలరమ్మ సంచిలోనుంచి చిన్న కత్తెర తీసింది. ముందు కుడిజేబు తెరిచింది. లోపల రెండు వేళ్ళు పెడితే సుద్దముక్క దొరికింది. డాక్టరు దాన్ని చూసి, ప్రసంగం మరిచిపోతే బోర్డుమీద రాసుకోవడానికా అని నవ్వాడు. అత్తగారూ నవ్వింది. తరువాత ఎడమజేబు. కచ్చా కుట్టు ఒక్కొక్కటే తెగింది. వేళ్ళకు లైనింగు ముక్క తగిలింది. తీసి, పిడికిట్లో దాచుకుంది. ఆయన అద్దంలో తన మెడపట్టీ చూసుకుంటున్నాడు. ఏమీ చూడలేదు.

దొంగకు తేలు కుట్టినట్టు ఆమె అలాగే నిలబడింది. గుడ్డలోనుంచే వేళ్ళు ఆ వస్తువును తడిమాయి. వంపు లేదు. పళ్ళ గుంటలు లేవు. ఒకవైపు ఎండిన ఆకులా చదునుగా, ఇంకోవైపు ముడుచుకుపోయి ఉంది. దాన్ని ఏ నోటా పెట్టలేరు. దాచి తీసుకుపోయినా ఒకటే, వదిలిపోయినా ఒకటే.

"వస్తామండి" అంది. తలుపు దాకా వెళ్ళింది. గొళ్ళెం మీద చెయ్యి వేసింది. నాలుక వెళ్ళి ఆ సందును తాకింది. ఈ తలుపు దాటితే ఆ సందుకు ఇక అడ్డేముంది? ఇవాళ రెండు పేటలు, కొన్నాళ్ళకు దారపురీలు. అత్తగారు గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

టైలరమ్మ వెనక్కి తిరిగింది. మాట కోసం నోరు తెరవబోతే చెయ్యి ముందుగా లేచి అడ్డం నిలిచింది.

డాక్టరు ఆ చెయ్యినే చూస్తున్నాడు. ఆయన ముఖంలో నవ్వు తగ్గింది.

"చెయ్యి తియ్యండమ్మా."

ఆమె నోటిమీది చెయ్యి తియ్యలేదు. రెండో చెయ్యి చాచి పిడికిలి విప్పింది. ఆయన గుడ్డ విడదీసి, ఆ వస్తువును దీపం కిందకు తీసుకువెళ్ళి, అటూ ఇటూ తిప్పి చూశాడు. ఇస్త్రీపెట్టె మొన గుర్తు కూడా దానిమీద ఉంది. ఎలా జరిగిందని అడిగాడు. ఆమె చెప్పింది. సూదుల దగ్గర ఆగింది. ఆగి, అదీ చెప్పింది.

బయటి గదిలో ఎవరో దగ్గారు. ఆయన కోటు విప్పి, జాగ్రత్తగా కొక్కేనికి తగిలించి, చేతులు కడుక్కుని, కుర్చీ చూపించాడు. కూర్చున్నాక దీపం ఆమె నోటిమీదికి వంచి చూశాడు.

"కదిలాయి."

"రెండు పేటలు" అంది ఆమె, దీపం వెలుగుకు కళ్ళు మూసుకుని.

"ఏమిటి?"

"నూలుదారం. రెండు పేటలు దూరుతోంది. మూడు ఇంకా పెట్టి చూడలేదు. భయమేసింది."

ఆయన చేతిలోని సన్నని పనిముట్టు గాలిలోనే ఆగింది. సొరుగులోనుంచి తమ పళ్ళదారం తీసి, మడిచి పెట్టి చూసి, ఆమె కొలత సరిపోయిందన్నాడు. తరువాత, ముందుపంటి అంచున చిన్న నొక్కు ఉందనీ, సూదులు పట్టేవాళ్ళకే అలా పడుతుందనీ, కిందటిసారే చూశాననీ, ఆమె తనంతట తాను చెబుతుందేమోనని ఆగాననీ అన్నాడు.

"మళ్ళీ రావద్దంటే భయపడి మానేస్తారనుకున్నాను. భయపడి దాచారు. ఆ లెక్క నాది తప్పింది."

"ఇవి మళ్ళీ దగ్గరకు వస్తాయా?"

"తొడుగుతో రావు. ఎక్కడున్నాయో అక్కడ ఆపగలను, అంతే. వెనక్కి లాగాలంటే మళ్ళీ తీగలే. ఆ సంగతి ఇవాళ తేల్చుకోనక్కర్లేదు. ముందు ఆపుదాం."

అచ్చు తీసే చల్లని ముద్ద పళ్ళెంతో సహా నోట్లోకి వచ్చింది. అది గట్టిపడేవరకూ కదలరాదు, మింగరాదు. కళ్ళలోనుంచి నీళ్ళు చెవుల వైపు జారుతున్నాయి. ఈ ముద్ద ఊడి వచ్చేటప్పుడు పళ్ళు కూడా దాంతోపాటు వచ్చేస్తాయేమోనని, అర్థం లేదని తెలిసీ, ఆమె భయపడింది. అత్తగారు వచ్చి ఆమె పాదంమీద చెయ్యి వేసింది. అలా వేసి, డాక్టరుతో, ఆ సందు కాస్త ఉండనివ్వండి బాబూ, గాలాడుతుంది అంది. ఆయన నవ్వాడు. నోటినిండా ముద్ద ఉన్న టైలరమ్మకు నవ్వే వీలు లేకపోయింది.

కొత్త తొడుగు మర్నాడే వచ్చింది. దానితోపాటు మరో నీలం డబ్బా వచ్చింది. అది దుకాణంలో మిషను పక్కనే ఉండాలని డాక్టరు ఆజ్ఞ. సూదుల దిండు ఇప్పుడు ఎడమ మణికట్టును వదిలి ఉండదు. తొందర పనులు వచ్చినప్పుడు ఆమె కుడిచెయ్యి సూది పట్టుకుని ఇప్పటికీ పైకి లేస్తుంది. పెదవి దాకా వెళ్ళి, అక్కడ కాసేపు దారి తప్పినట్టు ఆగి, దిండు దగ్గరికి దిగుతుంది. కోటు జేబులు మూసే ముందు ప్రతి జేబునూ బయటికి తిరగేసి దులుపుతుంది.

పొద్దున మాత్రం ఆమె షట్టరు సగమే ఎత్తి లోపలికి వెళుతుంది. అద్దం ముందు తొడుగు తీసి, నూలుదారం మూడు పేటలు కలిపి, రెండు చేతుల మధ్య బిగిస్తుంది. ఆ క్షణంలో ఆమె ఊపిరి పీల్చదు. దారం పళ్ళ దగ్గర ఆగుతుంది. మరొకసారి నొక్కుతుంది. ఆగుతుంది. అప్పుడు తొడుగు తొడుక్కుని వచ్చి, షట్టరు పూర్తిగా పైకెత్తుతుంది.